ఇంటికెళ్ళి మాలిష్ చేసే పనిని సొంతంగా మొదలుపెట్టడం ఎలా: హన్మకొండ నుంచి ఒక సమగ్ర మార్గదర్శి

హన్మకొండ, కాజీపేట, వరంగల్ కలిసిపోయిన ఈ ఊళ్ళో సాయంత్రం ఆరు దాటాక నాకు వచ్చే ఫోన్లలో సగం ఒకే తీరుగా ఉంటాయి. కొడుకు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉంటాడు. "అక్కా, అమ్మకు మోకాళ్ళు, నడుము బాగా నొస్తున్నయట. బయటికి పోలేదు. మీరు ఇంటికి వస్తరా?" అని అడుగుతాడు. మిగతా సగం బాలింతల ఇళ్ళ నుంచి. ఒకప్పుడు వాడకట్టుకొక పెద్దామె ఉండి బాలింతకు నూనె రాసి నీళ్ళు పోసేది. అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు ఆ పెద్దామె లేదు. అవసరం మాత్రం అట్లాగే ఉంది.

పదకొండేళ్ళుగా నేను చేస్తున్నది ఈ పనే. ఆడవాళ్ళకు, పసిపిల్లలకు మాత్రమే చేస్తాను. కొత్తగా రావాలనుకునేవాళ్ళు "ఎన్ని రకాల మసాజ్‌లు నేర్చుకోవాలి?" అని అడుగుతారు. ఏ ఒంటి మీద, ఏ రోజున, ఎక్కడ చెయ్యి వేయకూడదో ముందు నేర్చుకోమని చెబుతాను. రుద్దడం ఆరు నెలల్లో వస్తుంది. ఆగడం నేర్చుకోవడానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. ఈ మార్గదర్శిలో ఎక్కువ చోటు దానికే ఇచ్చాను.

మొదటి మెట్టు: ఏం చేస్తారో, ఏం చేయరో రాసుకోండి

ఒక కాగితం మీద రెండు వరసలు గీయండి. ఒకవైపు మీరు చేసేవి: అలసటకు, పట్టేసిన భుజాలకు, వంటపనితో బిగుసుకున్న నడుముకు, నిద్ర పట్టనివాళ్ళకు, బాలింతలకు నూనె మర్దన. రెండోవైపు చేయనివి: ఎముకలు సర్దడం, మెడ పటుక్కుమనిపించడం, విరిగిన చోట కట్టు కట్టడం, రోగం ఫలానా అని చెప్పడం, మందులు ఆపమనడం.

మెడ విరవడం గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. క్షవరం అయ్యాక తల పట్టుకుని ఒక్కసారి తిప్పడం మన దగ్గర మామూలు. అట్లా గుంజినప్పుడు మెడలోంచి మెదడుకు వెళ్ళే రక్తనాళం చిరిగి, పక్షవాతం దాకా పోయే ప్రమాదం ఉంది. ఎవరు ఎంత బతిమాలినా చేయకండి.

పాంప్లెట్ మీద ఏం రాస్తారన్నది కూడా ఇక్కడే తేల్చుకోవాలి. "పక్షవాతం, షుగర్, కీళ్ళవాతం నయం చేయబడును" అని రాసిన బోర్డులు చాలా చూస్తాం. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ఇలాంటి ప్రకటనలను నిషేధిస్తుంది, ఈ జబ్బుల పేర్లు ఆ జాబితాలోనే ఉన్నాయి. ఫిజియోథెరపీ వేరే చదువు, దానికి డిగ్రీ కావాలి. అది లేకుండా ఆ పేరు వాడొద్దు.

ఇంకొక సంగతి అనుభవంతో తెలిసింది. ఫోన్ నంబరు పక్కన "మసాజ్" అని పెట్టినన్నాళ్ళూ రాత్రి పదింటికి చెత్త ఫోన్లు వచ్చేవి. "బాలింత మాలిష్, పెద్దవాళ్ళకు నూనె మర్దన, ఆడవాళ్ళకు మాత్రమే" అని మార్చాక అవి బాగా తగ్గాయి.

రెండో మెట్టు: నేర్చుకోవడం

బ్యూటీ అండ్ వెల్‌నెస్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ పాఠ్యక్రమంలో స్పా థెరపిస్ట్ కోర్సులు ఉన్నాయి. ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కేంద్రాల్లో అవి నడుస్తున్నాయేమో కనుక్కోండి. ఆయుర్వేద అభ్యంగనం మీద ఇష్టం ఉన్నవాళ్ళు పంచకర్మ టెక్నీషియన్ శిక్షణ చూడొచ్చు. వరంగల్‌లోనే అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల ఉంది, అక్కడి వైద్యులను అడిగితే ఎక్కడ నేర్చుకోవచ్చో దారి చూపిస్తారు. వారం రోజుల్లో సర్టిఫికెట్ ఇస్తామనేవాళ్ళకు డబ్బు కట్టకండి.

సర్టిఫికెట్ చేతికొచ్చాక కూడా వెంటనే డబ్బు తీసుకోవద్దు. మీ ఇంట్లో, చుట్టాల్లో కనీసం ఇరవై మందికి ఉచితంగా చేయండి. సన్నగా ఉన్నవాళ్ళు, లావుగా ఉన్నవాళ్ళు, బీడీలు చుట్టి భుజాలు పట్టేసినవాళ్ళు, పొద్దంతా కంప్యూటర్ ముందు కూచునేవాళ్ళు, డెబ్భై దాటినవాళ్ళు అందరూ అందులో ఉండాలి. పత్తి ఏరే ఆమె నడుము, బ్యాంకులో కూచునే ఆమె నడుము చేతికి వేరువేరుగా తగులుతాయి. ఒక్కొక్కరికి చేశాక మర్నాడు ఫోన్ చేసి "నిన్నటికంటే తేలికగా ఉందా, నొప్పి పెరిగిందా?" అని అడగండి. నాకు అసలు చదువు చెప్పింది ఆ ఫోన్లే.

మూడో మెట్టు: ఫోన్‌లో అడగాల్సినవి

వెళ్ళకముందే ఐదు నిమిషాలు మాట్లాడండి. నేను ఈ వరసలో అడుగుతాను. ఎవరికి, వయసెంత? నొప్పి ఎక్కడ, ఎన్నాళ్ళ నుంచి? పడ్డారా, దెబ్బ తగిలిందా? ఈ మూడు నెలల్లో ఆపరేషన్ గానీ కాన్పు గానీ అయ్యిందా? బీపీ, షుగర్, గుండె జబ్బు ఉన్నాయా? రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నారా? ఒంట్లో రాడ్లు, స్టెంట్లు ఏమైనా ఉన్నాయా? ఏ నూనెకైనా దద్దుర్లు వచ్చాయా? చివరగా, మేం వచ్చినప్పుడు ఇంట్లో ఎవరెవరు ఉంటారు?

"బీపీ ఉన్నదా?" అంటే చాలామంది లేదనేస్తారు. గోలీ వేసుకుంటున్నారు కాబట్టి ఇప్పుడు లేదని వాళ్ళ లెక్క. అందుకే "రోజూ ఏం గోలీలు వేసుకుంటున్నరు, ఆ కవర్ ఫొటో వాట్సాప్‌ల పెట్టుండ్రి" అంటాను. కవర్ మీద ఉన్నది అర్థం కాకపోతే రాసిన డాక్టర్‌ను ఒక మాట అడిగి చెప్పమని ఇంటివాళ్ళనే కోరతాను.

నాలుగో మెట్టు: చెయ్యి వేయకూడని రోజులు

జ్వరం, వాంతులు, విరేచనాలు ఉంటే ఆ రోజు వద్దు. గజ్జి, తామర, పుండ్లు, కాలిన గాయాలు ఉన్న చోట తాకొద్దు. పడిన తర్వాత వచ్చిన నొప్పికి ఎక్స్‌రే తీసేదాకా వద్దు. క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్ళకు, గర్భిణులకు డాక్టర్ సరేనంటేనే చేయాలి. ఉబ్బి మెలికలు తిరిగిన నరాల మీద, బోదకాలు ఉన్న కాలి మీద ఒత్తొద్దు. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్ళకు గట్టిగా ఒత్తితే ఒళ్ళంతా నల్లగా కమిలిపోతుంది. షుగర్ ఎక్కువకాలంగా ఉన్నవాళ్ళ పాదాలకు స్పర్శ తగ్గుతుంది కాబట్టి వేడి నూనె, వేడి నీళ్ళ సంచి పెట్టొద్దు. కాలినా వాళ్ళకు తెలియదు.

ఒక్కసారిగా మూతి వంకర పోయినా, చెయ్యి పైకి లేవకపోయినా, మాట ముద్దగా వచ్చినా అక్కడ మాలిష్ పని లేదు. 108కు ఫోన్ చేయాలి. "నూనె రుద్దితే నరం సర్దుకుంటది" అని కుటుంబాలు పోగొట్టుకునే ఆ మొదటి గంటలు మళ్ళీ రావు.

వీటన్నిటిలో ఎక్కువ భయపడాల్సింది కాలిలో రక్తం గడ్డకట్టడానికి. ఎందుకో ఒక సంగతి చెబుతాను. నాలుగేళ్ళ కింద ఒక ఇంటికి వెళ్ళాను. సిజేరియన్ అయ్యి పన్నెండు రోజులైన అమ్మాయి. "ఎడమ పిక్క గుంజుతున్నదక్కా" అన్నది. వాళ్ళమ్మ, "మంచం మీదకెళ్ళి లేవక పట్టుకపోయింది బిడ్డా, గట్టిగ రుద్దు, ఇడుస్తది" అన్నది. నేను రెండు కాళ్ళూ పక్కపక్కన చాపించి చూశాను. ఎడమ పిక్క మీద చర్మం బిగిసి మెరుస్తోంది. చెయ్యి వెనక వైపు ఆనించి చూస్తే కుడి కాలికంటే వేడిగా ఉంది. సంచిలో ఉన్న టైలర్ టేపు తీసి, రెండు కాళ్ళకూ మోకాలి కింద ఒకే ఎత్తులో కొలిచాను. మూడు సెంటీమీటర్లకు పైనే తేడా. నూనె గిన్నె మూత కూడా తీయకుండా "ఇవ్వాళే డాక్టర్ దగ్గరికి తీస్కపోండ్రి, ఈ కాలును ఎవ్వరూ రుద్దద్దు" అన్నాను. వాళ్ళమ్మ ముఖం మాడ్చుకున్నది, పని ఎగ్గొడుతున్నానని అనుకున్నది. సాయంత్రం స్కానింగ్‌లో గడ్డ కనిపించింది. రుద్దితే అది కదిలి ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం తీయగలదు. ఆ అమ్మాయి ఇప్పుడు బాగుంది. ఆ టేపు ఇప్పటికీ నా సంచిలోనే ఉంటుంది.

గుర్తుపెట్టుకోండి: ఒక్క కాలికే వాపు, వేడి, ఎరుపు, నొప్పి. కాన్పు తర్వాత ఆరు వారాలు, ఆపరేషన్ తర్వాత, మంచాన పడ్డప్పుడు, గంటల తరబడి కదలకుండా బస్సులోనో విమానంలోనో కూచున్న తర్వాత ఈ ముప్పు ఎక్కువ. మేడారం జాతర అయ్యాక "కాళ్ళు పీకుతున్నయి" అని వరసపెట్టి ఫోన్లు వస్తాయి. చాలావరకు నడక అలసటే, అయినా రెండు కాళ్ళూ పోల్చి చూడకుండా నేను ఎవరికీ మొదలుపెట్టను. ఒక్క కాలి వాపుకు ఆయాసం, ఛాతీ నొప్పి తోడైతే అది ఎమర్జెన్సీ.

ఐదో మెట్టు: సంచి సర్దుకోవడం

మడత మసాజ్ టేబుల్ పది కిలోలకు పైనే ఉంటుంది. స్కూటీ మీద, లిఫ్ట్ లేని మూడో అంతస్తుకు అది మోయడం నా వల్ల కాలేదు. కొని ఏడాదిలో అమ్మేశాను. ఇప్పుడు వరంగల్ కొత్తవాడ షత్రంజి, అంటే నేత జంపఖానా, ఒకటి తీసుకుపోతాను. వరంగల్ షత్రంజీలకు 2018లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సొంత సరుకని ఇచ్చే గుర్తింపు) వచ్చిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. నాకు పనికొచ్చే గుణం వేరు: నూలుది కాబట్టి జారదు, చెమట పీలుస్తుంది, ఉతికితే నూనె వదులుతుంది. దాని మీద వాళ్ళింటి పలచని పరుపు, పైన నా దుప్పటి వేస్తాను. కింద కూచోలేని పెద్దవాళ్ళకు వాళ్ళ మంచం మీదే, కానీ మెత్తటి ఫోమ్ పరుపు తీసేయించి.

మిగతావి: ఒక్కొక్కరికి వేరుగా ఉతికిన దుప్పట్లు రెండు, తువ్వాళ్ళు మూడు, చిన్న స్టీలు గిన్నె, సబ్బు, టిష్యూలు, శనగపిండి డబ్బా, టేపు, నోట్‌బుక్, మాస్క్. నూనె విషయంలో నా ఓటు గానుగ నువ్వుల నూనెకే. వేసవిలో, సున్నితమైన చర్మానికి కొబ్బరి నూనె. పేరున్న ఆయుర్వేద తైలాలు వాడితే సీల్ ఉన్న సీసా వాళ్ళ ముందే తెరవండి. కొత్తవాళ్ళకు ముందు మోచేతి లోపల నాలుగు చుక్కలు రాసి కాసేపు చూడాలి. నూనె గిన్నెను పొయ్యి మీద పెట్టకండి. వేడి నీళ్ళ పాత్రలో ఉంచి, మీ మణికట్టు మీద పడితే గోరువెచ్చగా తగిలేంత చాలు.

మీ గోళ్ళు వేలి కొసను దాటకూడదు. ఉంగరాలు, గాజులు తీసేయాలి. ఇంకొకటి, మన ఇళ్ళకే సంబంధించింది: పనికి వెళ్ళే రోజు పచ్చిమిర్చి తరగకండి, తొక్కు కలపకండి. మిర్చి ఘాటు నీళ్ళతో పోదు, నూనెలో కలిసి వాళ్ళ ఒంటికి ఎక్కుతుంది. తప్పక ముట్టుకుంటే చేతులకు నూనె రాసి తుడిచి, ఆ తర్వాత రెండుసార్లు సబ్బుతో కడగాలి.

ఆరో మెట్టు: ఒక గంట ఎలా నడవాలి

తిన్న వెంటనే చేయొద్దు, గంటన్నర ఆగాలి. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండలకు పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర, మళ్ళీ సాయంత్రం ఐదు తర్వాతే పెట్టుకోండి.

చెప్పులు బయట విడిచి, చేతులు వాళ్ళు చూసేలా కడుక్కోండి. ఫోన్‌లో అడిగినవే మళ్ళీ ఒకసారి అడగండి. ఎదురుగా కూచున్నప్పుడు కొత్త సంగతులు బయటికొస్తాయి. ఎక్కడెక్కడ చేస్తారో ముందే చెప్పి సరేననిపించుకోండి. దుస్తులు ఎంతవరకు తీయాలన్నది వాళ్ళిష్టం. చీర మీదే చేయించుకుంటానంటే చీర మీదే. మీరు గది బయటికి వెళ్ళి, వాళ్ళు దుప్పటి కప్పుకున్నాక తలుపు తట్టి లోపలికి రండి. పని చేసే భాగం తప్ప మిగతా ఒళ్ళంతా కప్పే ఉండాలి.

నా గంట సుమారుగా ఇలా పోతుంది. బోర్లా పడుకోబెట్టి వీపు, నడుము 15 నిమిషాలు. కాళ్ళ వెనక 12. వెల్లకిలా తిప్పి కాళ్ళ ముందు వైపు, పాదాలు 12. చేతులు 8. మెడ, భుజాలు, తల 10. మిగిలింది లేవడానికి. బోర్లా పడుకోలేనివాళ్ళను పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టి మోకాళ్ళ మధ్య దిండు పెట్టండి. లేదా కుర్చీలో కూచోబెట్టి బల్ల మీదికి వంచండి.

మొదట రెండు అరచేతులు నూనెతో ఊరికే ఆనించి నెమ్మదిగా జరపాలి. ఒళ్ళు వేడెక్కాక కొంచెం లోతుగా పిసకాలి, చివర మళ్ళీ తేలికగా. కాళ్ళకు, చేతులకు ఒత్తిడి కింది నుంచి పైకి, గుండె వైపు పోవాలి. వెన్నెముక ఎముక మీద ఒత్తొద్దు, దానికి రెండు పక్కల కండ మీదే. మోకాలి చిప్ప మీద, మోకాలి వెనక గుంటలో, గొంతు ముందు భాగంలో, చంకలో, గజ్జల్లో లోతుగా ఒత్తొద్దు. అరవై దాటిన ఆడవాళ్ళకు ఎముకలు గుల్లబారి ఉండొచ్చు కాబట్టి ఎక్కడా బరువు మోపకండి.

మన దగ్గర అందరూ అడిగేది ఒకటే: "గట్టిగ రుద్దు బిడ్డా, నొయ్యాలె." నొస్తేనే పనిచేసిందని నమ్మకం. నేను "పదిల ఎంత నొస్తున్నది పెద్దమ్మా?" అని అడుగుతూ ఉంటాను. ఆరు దాటితే చెయ్యి తేలిక చేస్తాను. ఊపిరి బిగబట్టినా, కాలి వేళ్ళు ముడుచుకున్నా వాళ్ళు చెప్పకపోయినా ఎక్కువైనట్టే.

లేపడం ఒక పని అని ఎవరూ నాకు నేర్పలేదు. మొదటి ఏడాది ఒక పెద్దమ్మకు పాదాలు బాగా చేసి, దుప్పటి మడత పెడుతుంటే ఆమె లేచి బాత్రూం వైపు నడిచింది. అరికాళ్ళ నూనె, నున్నటి టైల్స్. కాలు జారింది. కోడలు ఎదురొచ్చి పట్టుకోబట్టి తుంటి ఎముక దక్కింది. ఆ రాత్రి నాకు నిద్ర లేదు, తప్పు పూర్తిగా నాదే. అప్పటి నుంచి అరికాళ్ళకు శనగపిండి చల్లి, వేళ్ళ సందుల దాకా పొడి తువ్వాలుతో తుడిచి, చెప్పులు తొడిగి, రెండు నిమిషాలు మంచం అంచున కూచోబెట్టి, తల తిరగడం లేదని చెప్పాకే చెయ్యి పట్టి లేపుతాను. స్నానాల గదిలో నూనె నీళ్ళు పడ్డ చోట సబ్బుతో కడగమని ఇంట్లోవాళ్ళకు చెప్పి వస్తాను.

బాలింతలు, పసిపిల్లలు

మామూలు కాన్పు అయినా డాక్టర్‌ను అడిగాకే మొదలుపెట్టండి. భుజాలు, మెడ, నడుము, చేతులకు తేలికగా చేస్తే చాలు. రాత్రంతా పాలిచ్చి పట్టేసే భుజాలకే ఆ తల్లికి ఎక్కువ సాయం కావాలి. సిజేరియన్ అయితే కుట్లు పూర్తిగా మాని, డాక్టర్ సరేననేదాకా, మామూలుగా ఆరు వారాలు, పొట్ట జోలికి పోవద్దు. "పొట్ట లోపలికి పోవాలె, ఒత్తు" అని అత్తగార్లు అంటారు. మర్యాదగా, కానీ గట్టిగా కాదనండి.

పసిపిల్లలకు బొడ్డు ఊడేదాకా ఆ దగ్గర నూనె తగలకూడదు. పాలు తాగిన ముప్పావు గంట తర్వాత, పది పదిహేను నిమిషాలు మించకుండా చేయాలి. ముక్కులో, చెవిలో, కంట్లో నూనె పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతే నిమోనియా వస్తుంది. పుట్టిన బిడ్డ రొమ్ములు ఉబ్బి ఉంటే పిండొద్దు. తల్లి హార్మోన్ల వల్ల వచ్చిన ఆ వాపు దానంతటదే పోతుంది, పిండితే చీము పడుతుంది. కాళ్ళు పట్టి తలకిందులుగా వేలాడదీయడం, ముక్కు గుంజడం, తలను ఒత్తి గుండ్రం చేయడం వద్దు. ఆవనూనె పసి చర్మాన్ని మండిస్తుంది, కొబ్బరి నూనె మేలు. బిడ్డ ఏడిస్తే ఆపేసి తల్లికివ్వండి. మిగిలింది రేపు చేయొచ్చు.

ధర

నేను గంటకు 700 తీసుకుంటాను. ఎందుకో లెక్క చూడండి. నయీంనగర్ నుంచి కాజీపేటకు పోయి రావడానికి 50 నిమిషాలు, సర్దడం 15, పని 60, మూట కట్టడం 10, ఇంటికొచ్చి గుడ్డలు ఉతకడం 20. మొత్తం రెండున్నర గంటలు దాటింది. పెట్రోలు, నూనె, సబ్బు కలిపి 90 దాకా. మిగిలిన 610ని ఆ సమయంతో భాగిస్తే గంటకు 240 కూడా రాదు. 300కే చేస్తానని మొదలుపెట్టేవాళ్ళకు గంటకు 80 మిగులుతుంది, ఏడాదిలో చేతులు అరిగి మానేస్తారు. మీ లెక్క మీరు ఇలాగే వేసుకుని ధర చెప్పండి, చెప్పాక తగ్గించకండి. నిజంగా లేనివాళ్ళకు నెలలో నాలుగు ఉచితంగా చేయండి, అది వేరే. ముందుగా ఐదు రోజుల కంటే ఎక్కువకు డబ్బు తీసుకోవద్దు.

కాగితాలు తక్కువే. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు ప్రభుత్వ నమోదు) ఆధార్‌తో ఆన్‌లైన్‌లో ఉచితంగా అవుతుంది, దానికి మధ్యవర్తికి డబ్బివ్వొద్దు. సేవలకు ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ అక్కర్లేదు. పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ తీసుకుని ఫోన్‌లో ఉంచుకుంటే కొత్త ఇళ్ళవాళ్ళకు ధైర్యం.

మీ భద్రత

ఫోన్‌లో "ఇంట్లో ఎవరుంటారు?" అన్న ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోతే వెళ్ళకండి. మొదటిసారి వెళ్ళే ఇంటి అడ్రస్, లైవ్ లొకేషన్ ఇంట్లోవాళ్ళకు పెట్టండి, బయటికొచ్చే సమయం చెప్పండి. గది తలుపుకు లోపల గడియ వేయొద్దు. ఎవరైనా మాట జారినా, చెయ్యి జారినా సంచి సర్దకుండానే లేచి వచ్చేయండి. షత్రంజి పోతే పోయింది. 112కు ఫోన్ చేయొచ్చు, ఆడవాళ్ళ భద్రత చూసే పోలీసు బృందాలు షీ టీమ్స్‌కు చెప్పొచ్చు. రాత్రి ఎనిమిది తర్వాత కొత్త ఇళ్ళు ఒప్పుకోవద్దు. ఈ పని చేసే మగవాళ్ళు మగవాళ్ళకే చేయడం మంచిది, పేరు నిలుస్తుంది.

చేతులు, గుడ్డలు, నోట్‌బుక్

బొటనవేలితో ఒత్తే అలవాటు మానండి, అందరికీ ముందు పాడయ్యేది అదే. మోచెయ్యి చాపి, నడుము నిటారుగా ఉంచి, ఒంటి బరువును అరచేతి మడమ మీదికి వాల్చండి. రోజుకు నలుగురు మించొద్దు, వారానికి ఒక రోజు పూర్తిగా సెలవు.

నూనె గుడ్డలు సంచిలో మూటగట్టి స్కూటీ డిక్కీలో వదిలేయకండి. ఉతికినా పూర్తిగా నూనె పోని గుడ్డలు వేడి మీద కుప్పగా పడి ఉంటే లోపల్లోపల కాగి నిప్పు అంటుకోగలవు. ఇంటికి రాగానే వేడి నీళ్ళలో వాషింగ్ సోడా, గిన్నెల సబ్బు వేసి అరగంట నానబెట్టి ఉతకండి. విడివిడిగా ఆరేసి, పూర్తిగా చల్లారాకే మడత పెట్టండి. చేదు వాసన వదలని తువ్వాలును పారేయండి.

అవి నానే అరగంటలో నోట్‌బుక్ రాయండి. తేదీ, ఎవరికి, ఏ నూనె, ఎక్కడ గట్టిగా తగిలింది, ఏం చెప్పారు. కిందటి నెల ఒక పెద్దమ్మ పేజీలో మూడు వారాలుగా "కుడి భుజం పైకి లేవట్లేదు" అని నా రాతే కనిపించింది. మాలిష్‌కు తగ్గాల్సింది అప్పటికి తగ్గాలి. కొడుక్కి ఫోన్ చేసి ఎముకల డాక్టర్‌కు చూపించమన్నాను. రేపు వెళ్ళే ఇంటి పేజీ పడుకునే ముందు ఒకసారి చదువుకుని, టేపు సంచిలో ఉందో లేదో చూసుకోండి.